కుటుంబ స్మృతులు – వ్రాసినవారు, కాపాడినవారు

తమిళనాడులో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పూర్వుల కథలు ఇప్పటికీ వినవస్తూనే ఉన్నవి. ఏ సీమ నుండి తరలి వచ్చినారు, ఇలవేల్పు ఎవరు, ఊరి బావిని ఎవరు త్రవ్వించినారు అన్న సంగతులు పెద్దల నోట నిలిచి ఉన్నవి. నోటి మాట ఒక్క తరం మౌనం వహించినా తెగిపోతుంది. వ్రాత అంతకన్న ఎక్కువ కాలం నిలుస్తుంది. అయితే వ్రాసినవారు ఒక్కరే చాలరు. కాపాడేవారు, చదువగలవారు కూడ ఉండవలెను. చెన్నపట్టణపు తెలుగువారి చరిత్రయే ఇందుకు సాక్ష్యం.

ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్టణం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసినారు. 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చినారు. దారిలోని ఊళ్ళు, సత్రాలు, ఆచారాలు మొదలైనవన్నీ వ్రాసి, తమ మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెగారికి పంపుతూ వచ్చినారు. వీరాస్వామయ్య 1836లో మరణించినారు. ఆ వ్రాతలను శ్రీనివాస పిళ్ళె 1838లో అచ్చు వేయించినారు. అదే కాశీయాత్ర చరిత్ర. 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు దానిని మరల ప్రకటించినారు. మిత్రుడు ఆ కాగితాలను దాచి ఉండకపోతే ఈనాడు మనకు ఆ గ్రంథమే లేదు.

వెన్నెలకంటి సుబ్బారావు ఒంగోలు వాస్తవ్యులు, 1784లో జన్మించినారు. చెన్నపట్టణంలోని సదర్ అదాలతులో 1815 నుండి 1829 వరకు అనువాదకులుగా పనిచేసినారు. బడులలో పిల్లలు అర్థం తెలియకుండ పద్యాలు వల్లించడాన్ని గురించి 1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి నివేదిక సమర్పించిన విద్యాభిమాని. ఆయన తమ జీవితాన్ని ఆంగ్లంలో వ్రాసుకొన్నారు. 1839లో గతించినారు. కుమారుడు వేంకట గోపాలరావు 1873లో, అనగా ముప్పదినాలుగేండ్ల తరువాత, బంధుమిత్రులు తెలుసుకొనుటకై దానిని ముద్రింపించినారు. ఒక ఇంటివారి కోసం అచ్చయిన ఆ పుస్తకం నేడు దేశచరిత్రకు ఆధారం.

మూడవ ఉదాహరణ కోవిల్పట్టి ప్రాంతపు కరిసల్ సీమకు, అనగా నల్లరేగడి నేలకు చెందినది. ఇడైశెవల్ గ్రామానికి చెందిన కి. రాజనారాయణన్ మాతృభాష తెలుగు. తెలుగు కుటుంబాలు దక్షిణానికి వలస వచ్చిన కథను, ఒక ముదుసలి నోట చెప్పించి, 1976లో గోపల్ల గ్రామం అన్న నవలగా వ్రాసినారు. దాని తరువాతి భాగానికి 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం లభించినది. ఆ రెండు నవలలూ తమిళంలోనే ఉన్నవి. ఇంట వినిన భాష ఒకటి, వ్రాసిన భాష మరియొకటి. ఆ సీమలో ఎన్నో తెలుగు ఇండ్ల స్థితి ఇదియే.

ఇక మన పిల్లల సంగతి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటవ తరగతితో మొదలై, ఏటేటా పై తరగతికి సాగి, 2015–16 నాటికి పదవ తరగతిని చేరినది. తమిళం నేర్వడం మన పిల్లలకు అవసరమే. దానికై తెలుగును పోగొట్టుకోవడం అవసరం కాదు. తెలుగు లిపి రాని మనుమడికి తాతగారి ఉత్తరం గీతల కాగితమే. చిత్తుకాగితాలతో పాటు అది కూడ అమ్ముడుపోతుంది.

కనుక ఉపాధ్యాయులు ఎనిమిదవ, తొమ్మిదవ తరగతి విద్యార్థులచేత ఒక్కొక్క కుటుంబ పుస్తకం వ్రాయించవలెను. అవ్వాతాతలు పలికిన మాటను పలికినట్లే, మన యాసలోనే, తెలుగు లిపిలో వ్రాయించండి. పుస్తకభాషలోకి దిద్దవద్దు. అర్థం కాని మాటకు ప్రక్కన తమిళంలో వివరణ వ్రాసుకోవచ్చును. చెప్పినవారి పేరు, చుట్టరికం, ఊరు, తేదీ తప్పక ఉండవలెను. పాత ఫొటోల వెనుక పెన్సిలుతో పేర్లు వ్రాయించండి. తల్లిదండ్రులు పాత ఉత్తరాలను, దస్తావేజులను, శుభలేఖలను వెదకి ఇవ్వవలెను. వ్రాసినదానికి రెండు ప్రతులు తీయించి, ఒకటి ఇంట, మరియొకటి వేరొక ఊరి బంధువుల ఇంట ఉంచండి.

వీరాస్వామయ్యగారికి ఒక మిత్రుడు, సుబ్బారావుగారికి ఒక కుమారుడు దొరికినారు. మన ఇంటి పెద్దలకు ఆ పని చేయగలవారు మన బడిలోని పిల్లలే. పెద్దలు చెప్పగలిగి ఉన్నప్పుడే, ఈ వేసవి సెలవులలోనే, మొదటి పుట వ్రాయించండి.