రవాణా రంగంలో స్త్రీలు

విజయవాడ నుండి మచిలీపట్నం పోయే రహదారి మీద పామర్రు ఒక ముఖ్యమైన కూడలి. ఇక్కడి నుండే గుడివాడ మీదుగా భీమవరం వైపు మరొక జాతీయ రహదారి బయలుదేరుతుంది. రోడ్లు బాగుపడక పూర్వం ఈ ప్రాంతంలో ధాన్యం, ఉప్పు, కలప మొదలైన సరకులు చాలవరకు కాలువలలో పడవల మీద సాగేవి. 1855లో కృష్ణానదిపై ఆనకట్ట పూర్తయిన తరువాత తవ్విన కాలువలు పొలాలకు నీరివ్వడమే గాక, బాటలుగా కూడా ఉపయోగపడ్డాయి. ఆ తరువాత రైలు వచ్చింది. దాని వెనుక మోటారు బస్సు వచ్చింది.

ఈ మార్పులన్నిటిలోను ఒక విషయం మాత్రం చాలాకాలం మారలేదు. పడవ నడిపేవాడు, బండి తోలేవాడు, రైలు నడిపేవాడు అని మన భాషే అలవాటుగా చెబుతుంది. ఆ పనులు పురుషులవే అన్న భావం మాటలోనే నాటుకొని పోయింది. అయితే స్త్రీలు రవాణాకు దూరంగా ఉన్నారా? లేరు. కాలువగట్టు వేసేటప్పుడు మట్టితట్ట మోసినది స్త్రీ. రోడ్డు వేసేటప్పుడు కంకర మోసినది స్త్రీ. పెరుగుకుండ, కూరగాయల గంప నెత్తిన పెట్టుకొని పల్లె నుండి సంతకు నడచినది కూడా స్త్రీయే. కూలిపనిలో ఆమెకు చోటున్నది. నక్షా గీసే బల్ల దగ్గర, యంత్రం దగ్గర, నిర్ణయాలు చేసే గదిలో మాత్రం చోటు లేకపోయినది. ఆ చోటును మొదట సంపాదించినవారిలో ఒక తెలుగు మహిళ ఉన్నదని మన విద్యార్థులలో ఎందరికి తెలుసు?

గిండీ కళాశాలలో ముగ్గురు

అయ్యలసోమయాజుల లలిత 1919లో మద్రాసులో ఒక తెలుగు కుటుంబంలో జన్మించారు. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుత్ శాస్త్ర ఆచార్యులు. ఆనాటి ఆచారం ప్రకారం లలితకు పదునైదవ ఏట వివాహమయినది. 1937లో కూతురు పుట్టిన కొద్ది నెలలకే భర్త మరణించారు. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు మాత్రమే. విధవరాలైన స్త్రీ ఇంటి మూలకు పరిమితం కావలసిన రోజులవి. లలిత చదువుకొని తన కాళ్లపై తాను నిలబడాలని నిశ్చయించుకొన్నారు. తండ్రి ఆమె పక్షాన నిలిచారు.

క్వీన్ మేరీస్ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించిన తరువాత వైద్యం చదివే అవకాశం లేకపోలేదు. కాని వైద్యవృత్తిలో అర్ధరాత్రి కూడా పిలుపు రావచ్చును. పసిబిడ్డను వదలి వెళ్లవలసిన వృత్తి తనకు తగదని ఆమె భావించారు. ఇంజనీరింగు వైపు మొగ్గడానికి ఇదొక కారణం. ఇది గమనింపదగిన విషయం. ఏ వృత్తి ఎంచుకోవాలన్న ప్రశ్న ఎదురైనప్పుడు పురుషుడు సాధారణంగా తన అభిరుచిని చూసుకొంటాడు. లలిత అభిరుచితోపాటు బిడ్డ ఊయలను కూడా చూసుకోవలసి వచ్చింది.

గిండీ కళాశాల 1794లో సర్వే పాఠశాలగా ఆరంభమైన పురాతన సంస్థ. కృష్ణా, గోదావరి జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న కాలంలో మన ప్రాంతపు కాలువలను, రోడ్లను చూసుకొన్న ఇంజనీర్లలో ఎందరో అక్కడ చదివినవారే. అంత పేరున్న కళాశాలలో అంతవరకు ఒక్క విద్యార్థిని లేదు. ప్రిన్సిపాలు కె. సి. చాకో, విద్యాశాఖ డైరెక్టరు ఆర్. ఎం. స్టేథం అంగీకరించిన మీదట లలితకు ప్రవేశం లభించినది. ఆ వందలమంది పురుషుల మధ్య ఆమె ఒక్కరే. కళాశాల స్త్రీలను చేర్చుకొంటున్నదని సుబ్బారావు పత్రికలలో ప్రకటన చేయించారు. మరుసటి ఏడు పి. కె. థ్రేసియా, లీలమ్మ జార్జి అనే ఇద్దరు కేరళ యువతులు సివిల్ శాఖలో చేరారు.

యుద్ధకాలం కావడంచేత చదువు గడువును తగ్గించారు. అందువల్ల ముగ్గురూ దాదాపు ఒకేసారి పట్టభద్రులైనారు. పట్టాపత్రంపై పురుషవాచకమే అచ్చయి ఉండగా, దానిని కొట్టివేసి స్త్రీవాచకం చేతితో వ్రాయవలసి వచ్చింది. పత్రం అచ్చువేసినవారికి స్త్రీ ఇంజనీరు కాగలదన్న ఊహే లేదు.

జమాల్పూరు కర్మాగారంలో

పట్టా పొందడానికి ఆచరణ శిక్షణ అవసరం. లలిత ఒక సంవత్సరం బీహారులోని జమాల్పూరు రైల్వే కర్మాగారంలో శిక్షణ పొందారు. 1862లో స్థాపితమైన ఈ కర్మాగారం భారతీయ రైల్వేలలో మిక్కిలి పురాతనమైనది. 1899లో ఇక్కడ ఒక ఆవిరి ఇంజనును పూర్తిగా తయారు చేశారు. కొలిమి, పోతపని, లేతు యంత్రాలు, క్రేను, ఆవిరి పాత్రలు అన్నీ అక్కడ ఒకేచోట కనబడతాయి. పుస్తకంలో చదివిన సూత్రం ఇనుములో ఎట్లా పనిచేస్తుందో చూడడానికి అంతకన్న మంచి పాఠశాల లేదు.

ఆ తరువాత ఆమె సిమ్లాలోని కేంద్ర ప్రమాణాల సంస్థలో సుమారు రెండేళ్లు పనిచేశారు. కొంతకాలం తండ్రి పరిశోధనలలో సహాయపడ్డారు. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ సంస్థలో చేరారు. కలకత్తాలో ఆమె సోదరుడు కాపురముండేవారు. ఆ ఇంట వదినగారు పాపను చూసుకొన్నందువల్లనే లలిత నిశ్చింతగా ఉద్యోగం చేయగలిగారు. అక్కడ ఆమె విద్యుత్ మార్గాల రూపకల్పన, ఉపకేంద్రాల అమరిక, రక్షక రిలేల పని చూశారు. భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుత్ యంత్రాలకు సంబంధించిన పనిలో కూడా ఆమె పాలుపంచుకొన్నారు.

రక్షక రిలే అనగానేమి?

రక్షక రిలే రవాణాకు కూడా ముఖ్యమైనది గనుక విద్యార్థులు దీనిని తెలుసుకోవాలి. మన రైళ్లను నడిపే పైతీగెలో 25,000 వోల్టుల విద్యుత్తు ప్రవహిస్తుంది. ఆ తీగె తెగి నేలమీద పడినా, దానిపై చెట్టుకొమ్మ వాలినా, ప్రవాహం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరుగుతుంది. దానిని వెంటనే ఆపకపోతే తీగెలు కరగిపోతాయి, ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోతాయి, మనుషుల ప్రాణాలు పోతాయి.

అంత పెద్ద ప్రవాహాన్ని నేరుగా కొలవడం కష్టం. కనుక ఒక ట్రాన్స్‌ఫార్మరు ద్వారా దానిని ఒక నిర్ణీత నిష్పత్తిలో తగ్గించి రిలేకు పంపుతారు. పాత రకపు రిలేలో ఒక తీగచుట్ట, దాని ఎదుట కదిలే ఇనుప రేకు ఉంటాయి. ప్రవాహం హద్దు మీరగానే తీగచుట్ట బలమైన అయస్కాంతమై రేకును లాగుతుంది. రేకు కదలగానే వేరొక చిన్న వలయం పూర్తయి, సర్క్యూట్ బ్రేకరుకు ఆజ్ఞ అందుతుంది. బ్రేకరు మార్గాన్ని తెంచివేస్తుంది. ఇదంతా సెకనులో అతి చిన్న భాగంలో జరిగిపోతుంది. చెడిన భాగాన్ని మాత్రమే వేరుచేసి, తక్కిన మార్గాన్ని నడవనిచ్చేట్లు రిలేలను అమర్చడం ఇంజనీరు నేర్పు. నేటి రిలేలలో ఇనుప రేకు స్థానాన్ని సూక్ష్మ కంప్యూటరు ఆక్రమించినా, మూలసూత్రం మారలేదు.

1964లో న్యూయార్కులో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల సమావేశానికి లలిత హాజరైనారు. లండన్ విద్యుత్ ఇంజనీర్ల సంస్థ ఆమెను 1966లో పూర్తి సభ్యురాలిగా స్వీకరించినది. 1979లో, అరువదవ ఏట, ఆమె కన్నుమూశారు.

రోడ్లు, వంతెనలు

సహాధ్యాయిని థ్రేసియా వృత్తి నేరుగా రవాణాకు సంబంధించినది. ఆమె కొచ్చిన్ సంస్థానపు పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరి, మెట్టు మెట్టుగా ఎదిగి, 1971లో కేరళ రాష్ట్ర చీఫ్ ఇంజనీరు పదవిని పొందారు. మన దేశంలో అంతకు ముందు ఏ స్త్రీ ఈ హోదాలో లేదు. ఏరులు, కాయళ్లు అడుగడుగున అడ్డువచ్చే కేరళలో వంతెన లేనిదే రోడ్డు లేదు. ఆమె హయాంలో ఎన్నో వంతెనలు నిర్మాణమయ్యాయి. రబ్బరు కలిపిన తారుతో రోడ్లు వేసే ప్రయోగాన్ని కూడా ఆమె ప్రోత్సహించారు. తారు ఎండకు మెత్తబడుతుంది, చలికి పెళుసవుతుంది. దానిలో రబ్బరు కలిపితే సాగేగుణం పెరిగి, చక్రాల ఒత్తిడికి నొక్కుకొన్నా తిరిగి లేస్తుంది. రబ్బరు పండే రాష్ట్రానికి ఇది ఎంతో అనుకూలమైన ఆలోచన.

ఆకాశంలోను, నేలమీదను

విమానరంగంలో హైదరాబాదుకు ఒక విశేష స్థానమున్నది. అలహాబాదు ఫ్లయింగ్ క్లబ్బులో శిక్షణ పొంది 1947లో వాణిజ్య పైలటు లైసెన్సు సంపాదించిన ప్రేమ్ మాథుర్‌ను ఎనిమిది విమాన సంస్థలు నిరాకరించాయి. ఆడది నడిపే విమానం ఎవరు ఎక్కుతారన్నది వారి సందేహం. హైదరాబాదులోని డెక్కన్ ఎయిర్‌వేస్ ఆమెను సహ పైలటుగా చేర్చుకొన్నది. 1949లో జాతీయ విమాన పందెంలో ఆమెదే గెలుపు. ప్రయాణికులు భయపడి పారిపోలేదు. ఎనిమిది సంస్థలకు కలిగిన సందేహానికి ఇంతకన్న వేరే జవాబు అక్కరలేదు.

నేలమీద మార్పు ఇంకా నెమ్మదిగా వచ్చింది. నిజాం రాష్ట్ర రైల్వే 1932లో 27 బస్సులతో ప్రజా రవాణా ప్రారంభించినది. ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ 1958 జనవరి 11న ఏర్పడినది. మన బస్సులలో మహిళా కండక్టర్లు చెప్పుకోదగిన సంఖ్యలో కనబడడం మాత్రం గత శతాబ్ది చివరి దశకంలోనే మొదలైనది. తమిళనాడులో వసంతకుమారి 1993లో ప్రభుత్వ బస్సు డ్రైవరైనారు. నల్లగొండ ప్రాంతపు తండాలో పుట్టిన వి. సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థకు తొలి మహిళా బస్సు డ్రైవరు కావడమే గాక, 2025లో తెలంగాణ ఆర్టీసీ బస్సును నడిపిన తొలి మహిళ కూడా అయినారు. మహారాష్ట్రకు చెందిన సురేఖా యాదవ్ గత శతాబ్ది ఎనుబదులలో రైలింజను నడిపే వృత్తిలో ప్రవేశించి, 2023లో వందే భారత్ రైలును నడిపారు. అదే సంవత్సరం జయవర్మ సిన్హా రైల్వే బోర్డుకు తొలి మహిళా అధ్యక్షురాలైనారు.

అడ్డు ఎక్కడ ఉన్నది?

బలం చాలదన్న వాదానికి నేడు పస లేదు. ఆవిరి ఇంజనులో బొగ్గు ఎత్తిపోయడానికి కండబలం కావలసి వచ్చేది. నేటి ఇంజనుకు కావలసినది చూపు, ఓర్పు, నిబంధనల జ్ఞానం. స్టీరింగు తిప్పడానికి యంత్రమే తోడ్పడుతుంది. అసలు అడ్డంకులు మరొక చోట ఉన్నాయి. 1948 నాటి కర్మాగారాల చట్టం రక్షణ పేరిట, రాత్రి ఏడు గంటల నుండి ఉదయం ఆరు గంటల వరకు కర్మాగారాలలో స్త్రీలకు పని ఇవ్వరాదన్నది. రాత్రి పని లేనివారికి పదోన్నతి మార్గం కూడా కుంచించుకొని పోతుంది. మద్రాసు హైకోర్టు 2000లో ఈ నిషేధాన్ని చెల్లదన్నది. 2020 నాటి వృత్తి భద్రతా స్మృతి, స్త్రీ సమ్మతితోను, తగిన రక్షణతోను రాత్రిపనిని అనుమతించినది.

చట్టం మారినంత మాత్రాన వసతులు మారవు. రైలింజనులలో మరుగుదొడ్డి లేకపోవడం మహిళా డ్రైవర్లు ఎంతోకాలంగా చెబుతూ వచ్చిన బాధ. రాత్రి బస్సు ఆఖరి ఊళ్లో ఆగినప్పుడు కండక్టరు ఎక్కడ పడుకోవాలి, పసిబిడ్డను ఎవరు చూడాలి అన్నవి చిన్న ప్రశ్నలు కావు. లలితకు అన్నగారి ఇల్లు ఉండబట్టి సరిపోయినది. ఆ అదృష్టం లేని వారి మాట ఏమిటి? ఒక స్త్రీ ప్రతిభ బంధువుల దయమీద ఆధారపడి ఉండడం న్యాయం కాదు. విశ్రాంతి గది, శిశు సంరక్షణ, నియమిత పనివేళలు కల్పించడం కూడా వంతెన కట్టడం వంటి ఇంజనీరింగు సమస్యయే.

ఉపాధ్యాయులు విద్యుదయస్కాంతం పాఠం చెప్పేటప్పుడు ఒక మేకు, కొంత రాగితీగె, ఒక బ్యాటరీ తీసుకొని తరగతిలోనే రిలే నమూనాను చూపవచ్చును. తీగెను బాలుర చేతికే ఇవ్వక, బాలికలచేత కూడా చుట్టించాలి. ఇటువంటి పరికరాల పనిలో దాదాపు ముప్పై ఏళ్లు గడిపిన లలిత పేరు ఆ పాఠంలో చెప్పాలి. పామర్రు కూడలి నుండి నాలుగు దిక్కులకు బస్సులెక్కి బడికి వచ్చే బాలికలలో రేపటి చీఫ్ ఇంజనీరు ఉండవచ్చును. ఆమెకు ఇవ్వబోయే పట్టాపత్రంపై మాట కొట్టివేసి వ్రాయవలసిన అవసరం రాకూడదు.