టిఫిను ఏ పద్దులో రాయాలి?

మా ఇంట్లో జమాఖర్చుల పుస్తకం రాసేది నేనే. పాలు, కూరలు, కరెంటు బిల్లు ఇట్టే తేలిపోతాయి. తేలనిది ఒక్కటే. మా అబ్బాయి టిఫినుడబ్బా కోసం కొనే అరటిపళ్లూ, వేరుశెనగపప్పులూ, గుడ్లూ ఏ పద్దులో రాయాలి? వంటింటి ఖర్చు అంటారు మావారు. కాదు, చదువు ఖర్చు అంటాను నేను. "అయితే ఫీజు రసీదు చూపించు" అంటారాయన నవ్వుతూ. సరిగ్గా ఈ తగువే నూరేళ్ల కిందట మద్రాసులో ప్రభుత్వం వారూ పెట్టారని తెలిశాక, మావారి మీద కోపం కాస్త తగ్గింది.

పెళ్లి చీరల కోసం మద్రాసు టీనగర్ వెళ్లివచ్చిన వాళ్లు మనలో చాలామందే ఉంటారు. ఆ 'టీ' అంటే త్యాగరాయ అనీ, ఆయన తెలుగు దేవాంగుల ఇంటి బిడ్డ పిట్టి త్యాగరాయ చెట్టి గారనీ చీరల హడావుడిలో ఎవరికి గుర్తొస్తుంది చెప్పండి? 1920లో ఆయన మద్రాసు కార్పొరేషనుకి అధ్యక్షులు. థౌజండ్ లైట్స్ పేటలోని కార్పొరేషను బడికి వచ్చేవాళ్లంతా నిరుపేదల పిల్లలు. ఆ పేదరికం వల్లే బడిలో పిల్లల సంఖ్య నిలకడగా ఉండేది కాదు. ఆ ఏడు సెప్టెంబరు 16న కౌన్సిలు ఒక తీర్మానం చేసింది. ఆ బడి పిల్లలకి టిఫిను పెట్టాలి, తలకి రోజుకి ఒక అణా మించకూడదు అని. అణా అంటే రూపాయిలో పదహారో వంతు. అంతకు మించకూడదని ముందే గిరి గీసుకున్నారంటే, ఎవరో ఒక పొదుపరి ఇల్లాలు పక్కన కూర్చుని లెక్క చెప్పినట్టు లేదూ!

తరవాత ఇంకో నాలుగు బళ్లకి కూడా టిఫిను వెళ్లింది. 1922-23లో ఆ అయిదు బళ్లలో కలిపి 811 మంది పిల్లలుంటే, 1924-25 నాటికి 1671 మంది అయ్యారు. రెండేళ్లలో రెట్టింపు! కొత్త మేడలు కట్టలేదు, కొత్త పాఠాలు పెట్టలేదు. టిఫిను పెట్టారు, అంతే.

అక్కడ వచ్చింది పద్దు తగువు. ప్రాథమిక విద్య కోసం కేటాయించిన నిధిలోంచి టిఫినుకి ఖర్చు పెట్టడం కుదరదంది ప్రభుత్వం. చదువు డబ్బు చదువుకే. 1925 ఏప్రిల్ 1 నుంచి టిఫిను ఆగిపోయింది. అదే ఏడాది త్యాగరాయ చెట్టి గారు కన్నుమూశారు. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, అప్పుడు మద్రాసులో మంత్రివర్గం ఆయన పార్టీదే. పిల్లలకి మళ్లీ టిఫిను దొరికింది 1927లో. మధ్యలో ఆ రెండేళ్లూ ఎంతమంది చిన్నవాళ్లు బడి మొహం చూడకుండా పోయారో!

ఇంకో తమాషా ఏమిటంటే, అదే 1920లో, అదే మద్రాసులో, హ్యారీ క్రో బక్ అనే అమెరికా ఆయన వై.ఎం.సి.ఎ. తరఫున వ్యాయామ ఉపాధ్యాయుల కోసం ఒక శిక్షణాలయం పెట్టాడు. మొదట చేరింది అయిదుగురే. ఇండియా జట్టుని 1924లో పారిస్ ఒలింపిక్సుకి తీసుకువెళ్లిన వాళ్లలో ఆయనా ఒకరు. ఒకే ఊళ్లో, ఒకే ఏడు బయల్దేరిన టిఫినూ డ్రిల్లూ మాత్రం ఒకదాని మొహం ఒకటి ఎరగనట్టే పెరిగాయి.

నాకీ మాట అనే హక్కుంది. నేను చదివిన స్కూల్లో, దాని పేరెందుకు లెండి, డ్రిల్లు పీరియడు పొద్దున్నే మొట్టమొదట ఉండేది. నా ముందు వరసలో నిలబడే అమ్మాయి పది రోజులకోసారైనా కళ్లు తిరిగి పడిపోయేది. నీళ్లు చల్లి, వేపచెట్టు కింద కూర్చోబెట్టేవాళ్లు. "ఆడపిల్లలు మరీ నాజూకు" అనేవారు డ్రిల్లు మాస్టారు. పొద్దున్న ఏం తిన్నావని ఆ పిల్లని ఆయన అడగలేదు. ఇంట్లో రెండిడ్లీ తిని వచ్చిన నేనూ అడగలేదు. ఎనిమిదో తరగతి మధ్యలో ఆ పిల్ల బడి మానేసింది.

మద్రాసు రాష్ట్రంలో 1956లో కామరాజు గారు ఎట్టయపురంలో మధ్యాహ్న భోజనం మొదలుపెట్టించారు. తాను బడి మధ్యలో మానేసిన మనిషి కనక ఆయనకి అర్థమై ఉంటుంది. 1982 జులైలో ఎం.జి.ఆర్. దాన్నే పెద్దయెత్తున పల్లెపల్లెకీ తీసుకువెళ్లినప్పుడు, ఇంత డబ్బు ఎక్కణ్ణించి తెస్తారని వెక్కిరించిన వాళ్లున్నారు. మళ్లీ పద్దు గొడవే!

మన వైపు కథ మా అమ్మని అడగాలి. అరవైలలో కృష్ణాజిల్లాలో అమ్మ చదివిన బళ్లో, 'కేర్' వాళ్లిచ్చే అమెరికా గోధుమనూకతో ఉప్మా చేసేవారట, పొడిపాలు కలిపి ఇచ్చేవారట. అమ్మ మాత్రం ఒక్కనాడూ తినలేదు. అందరూ ఒకే గిన్నెలోంచి తినే ఉప్మా మనకి తగదని అమ్మమ్మ ఆంక్ష. "ఆ నూనె వాసనకి నోరూరేదే! వాళ్లు వరసలో కూర్చుంటే నేను గోడ పక్కన నిలబడేదాన్ని. వెలి వాళ్లకో, నాకో తెలిసేది కాదు" అంటుంది ఇప్పటికీ.

1995 ఆగస్టు 15న దేశమంతటికీ పథకం వచ్చింది గానీ, చాలాచోట్ల జరిగిందల్లా నెలకి మూడు కిలోల తిండిగింజలు ఇంటికి ఇచ్చి పంపడం. ఇంటికెళ్లిన బియ్యం ఇంటిల్లిపాదీ తింటారు, ఏ తల్లి మాత్రం ఒక్క పిల్లకే వండి పెడుతుంది? చివరికి 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ప్రభుత్వ బళ్లలోనూ, ఎయిడెడ్ బళ్లలోనూ చిన్న తరగతుల వాళ్లకి వండిన అన్నమే పెట్టాలి, రోజుకి కనీసం 300 కాలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు, ఏడాదిలో కనీసం 200 రోజులు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో పొయ్యి వెలిగింది. గరిటె పట్టుకున్నది ఎక్కువగా డ్వాక్రా సంఘాల ఆడవాళ్లు.

ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ఈ భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. గోదావరి లంకల్లో, వేళాపాళా చూడకుండా ఆకలన్న వాళ్లకి అన్నం పెట్టిన ఇల్లాలు ఆవిడ. నాకు చాలా సంతోషం వేసింది. మరి వండే సీతమ్మల సంగతి? వంటమనిషికి నెలకి వెయ్యి రూపాయలని 2009లో కేంద్రం లెక్క కట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో అది మూడు వేలు కావడానికి 2019 దాకా పట్టింది.

మా పనిమనిషి అక్క పక్క ఊరి బళ్లో వండుతుంది. మొన్న ఇంటికి వస్తే కాఫీ ఇచ్చి, "బిల్లులు సరిగ్గా వస్తున్నాయా?" అనడిగాను. "వస్తాయమ్మా, ఎప్పటికో వస్తాయి. అందాకా పిల్లలు ఆగరు కదా!" అంది. పప్పూ, నూనే, కూరలూ కిరాణా కొట్లో అరువు తెస్తుందట. కొట్టాయన పద్దు పుస్తకంలో ఎవరి పేరు మీద రాస్తాడని అడిగాను.

"ఇంకెవరి పేరమ్మా, నా పేరే" అంది.