పద అంటే 81

మాదాపూర్‌లోని సైబర్ టవర్స్‌ను 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ చుట్టూ లేచిన అద్దాల మేడల్లోకి ఇంటర్వ్యూలకు వెళ్లే కుర్రకారు అమీర్‌పేట కోచింగుల నుంచి మోసుకెళ్లే మాటల్లో ‘యాసిడ్’ ఒకటి. డేటాబేస్ లావాదేవీకి ఉండాల్సిన నాలుగు లక్షణాల ఇంగ్లిషు పేర్లలోని మొదటి అక్షరాలవి. 1983లో థియో హార్డర్, ఆండ్రియాస్ రాయిటర్ కలిసి ఆ మాట కూర్చారు.

ఈ కిటుకు తెలుగువాళ్లకు పాతదే. ఛందస్సు చదివినవాళ్లు ‘యమాతారాజభానసలగం’ అని ఒక్క గుక్కలో అనేస్తారు. మొదటి ఎనిమిది అక్షరాల్లో దేనితో మొదలెట్టి మూడు లెక్కపెట్టినా ఆ పేరుగల గణం బయటపడుతుంది. ‘యమాతా’ యగణం: ఒక లఘువు, రెండు గురువులు. ‘రాజభా’ రగణం. యాసిడ్ పేర్లను గుర్తు చేసి ఊరుకుంటుంది, ఇదేమో గణం స్వరూపాన్నే చూపిస్తుంది. పోటీ పెడితే మార్కులు దీనికే!

అంకెలకు కటపయాది ఉంది. క, ట, ప, య అక్షరాలు ఒక్కొక్కటీ 1. అక్కడి నుంచి వరుసగా పెరుగుతాయి. చదవడం కుడి నుంచి ఎడమకు. 17వ శతాబ్దంలో వేంకటమఖి కర్ణాటక సంగీతంలో రాగాలకు 72 మేళాల పద్ధతి కట్టాడు. ఆ తర్వాత రాగాల పేర్లలోనే మేళం సంఖ్యను దాచారు. శంకరాభరణం ముందు ‘ధీర’ అందుకే చేరింది: ధ 9, ర 2, తిరగేస్తే 29. కల్యాణి ముందున్న ‘మేచ’ 65.

వీటన్నిటికీ నిండు సభలో పరీక్ష అవధానం. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి సంస్థానాల్లో దాన్ని ఊరేగించారు. 1996లో కాకినాడలో గరికిపాటి నరసింహారావు మహాసహస్రావధానం చేశారు. అష్టావధానంలో ఒక్కో ఆవృత్తికి ఒక్కో పాదం చెప్పి, చివర పద్యాలన్నీ ధారణ చేయాలి. మధ్యలో గంటలు ఎన్ని మోగాయో లెక్క, అప్రస్తుత ప్రసంగి కొంటె ప్రశ్నలు. వృత్తంలో మొదటి పాదం ప్రాసాక్షరం తెలిస్తే మిగతా మూడింటి రెండో అక్షరం తెలిసినట్టే. యతి మరో కొక్కెం. పద్యం తనను తానే సగం గుర్తుంచుకుంటుంది.

అవధాని గెలిచే మరుపును కొలిచినవాడు జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హౌస్. అర్థంలేని అక్షరాలు తానే బట్టీపట్టి, 1885లో ఫలితాలు అచ్చు వేశాడు. విరామాలిచ్చి వల్లెవేయడానికి లైట్నర్ 1972లో కార్డుల పెట్టె చూపించాడు. 2006లో వచ్చిన ‘అంకి’ అనే ప్రోగ్రాం అదే పనిని కంప్యూటర్‌కు అప్పగించింది.

సైబర్ టవర్స్ ఉన్న హైటెక్ సిటీ పిన్‌కోడ్ 500081. చివరి రెండంకెలకు కటపయాదిలో మాట వెతికితే ‘పద’ దొరుకుతుంది: ప 1, ద 8.