వెళ్లిన పిల్లల వార్త



మా హాస్టల్లో అడ్మిషన్ రిజిస్టరు ఒకటుంది. వరుస నంబరు, పిల్ల పేరు, తండ్రి పేరు, ఊరు, తెగ, చేరిన తేదీ, వెళ్లిన తేదీ, వెళ్లడానికి కారణం. గడులు అక్కడితో అయిపోతాయి. ఆ తరువాత పిల్ల ఏమైందో రాయడానికి గడి లేదు. ఇన్నేళ్లు వార్డెన్‌గా పనిచేశాక మాకు అర్థమైంది ఏమిటంటే, మన హాస్టల్ చదువుల చరిత్రలోనూ ఆ గడి ఖాళీగానే ఉంది. ఈ వ్యాసం ఆ గడి గురించే.

మన కోనసీమ పక్కనుంచే మొదలుపెడదాం. అమలాపురం నుంచి ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక చేరి, గౌతమి మీద బాలయోగి వారధి దాటితే యానాం. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న ఊరు. అక్కడి కథోలిక చర్చి 1846 నాటిది. 1849లో అన్నెసీ అనే ఐరోపా పట్టణం నుంచి సెయింట్ జోసఫ్ సభ సిస్టర్లు ఓడ మీద బయలుదేరి యానాం వచ్చారు. పుణేలో సావిత్రీబాయి ఫూలే ఆడపిల్లల బడి తెరిచి అప్పటికి ఏడాదే అయింది. అదే అన్నెసీకి చెందిన ఫాదర్లు 1847లోనే విశాఖపట్నంలో సెయింట్ అలోషియస్ పాఠశాల పెట్టారు. ఆ తరువాత మన తెలుగు జిల్లాల్లో మిషన్ బడులు, బోర్డింగులు పెరిగాయి. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వ హాస్టళ్లు, ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు వచ్చాయి.

బడి కట్టినవారి పేరు, కట్టిన సంవత్సరం గోడ మీద రాతిపలకపై ఉంటాయి. ఆ గోడల మధ్య ఇంటి మీద బెంగతో పడుకున్న పిల్ల పేరు ఏ రాతిపలకపైనా ఉండదు. ఆ పిల్ల పెద్దదై తానే నోరు విప్పితే తప్ప సగం చరిత్ర తెలియదు. ఇది నిజంగా జరిగిన దేశం ఒకటుంది.

కెనడాలో నూరేళ్లకు పైగా ఆదివాసీ పిల్లలను ఇళ్ల నుంచి తీసుకెళ్లి వసతి పాఠశాలల్లో పెట్టారు. సుమారు 1,50,000 మంది పిల్లలు. డబ్బు ప్రభుత్వానిది, నడిపింది చర్చిలు. వాటిలో కథోలిక బడులే ఎక్కువ. సొంత భాష మాట్లాడితే శిక్ష. ఎందరో పిల్లలు ఇంటికి తిరిగి రాలేదు. 1973లో ఫిల్లిస్ వెబ్‌స్టాడ్ అనే ఆరేళ్ల పిల్ల, అవ్వ కొనిపెట్టిన కొత్త నారింజ రంగు చొక్కా వేసుకుని సెయింట్ జోసఫ్ మిషన్ అనే కథోలిక వసతి పాఠశాలకు వెళ్లింది. మొదటి రోజే ఆ చొక్కా లాగేసుకున్నారు. మళ్లీ ఇవ్వలేదు. నలభై ఏళ్లకు, 2013లో, ఆమె ఆ సంగతి నలుగురి ముందు చెప్పింది. ఇప్పుడు ఏటా సెప్టెంబర్ 30న కెనడా అంతటా నారింజ రంగు చొక్కాలు వేసుకుని ఆ పిల్లలను తలుచుకుంటారు. ఆ దేశం వేసిన సత్య, సయోధ్య కమిషన్ ముందు 6,500 మందికి పైగా సాక్ష్యం చెప్పారు. 2015లో తుది నివేదిక వచ్చింది. 2022 జూలై 25న పోప్ ఫ్రాన్సిస్ కెనడా వెళ్లి మస్క్వాచిస్ అనే చోట ఆదివాసీల ముందు క్షమాపణ చెప్పారు.

ఆ తేదీ గుర్తుపెట్టుకోండి. సరిగ్గా అదే రోజు, 2022 జూలై 25న, ఢిల్లీలో ద్రౌపది ముర్ము గారు రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. మయూర్‌భంజ్ జిల్లా ఉపర్‌బేడా గ్రామపు సంతాల్ బిడ్డ. భువనేశ్వర్‌లో హాస్టల్లో ఉండి చదువుకున్నారు. వాళ్ల ఊరి నుంచి కాలేజీకి వెళ్లిన మొదటి ఆడపిల్ల ఆమే. కొంతకాలం పంతులమ్మగా కూడా పనిచేశారు.

ఒకే రోజు రెండు వార్తలు. రెండూ ఊరు విడిచి చదువుకోవడానికి వెళ్లిన ఆదివాసీ పిల్లల వార్తలే. ఒకటి గాయం, ఒకటి గెలుపు. హాస్టల్ మంచిదా చెడ్డదా అని మమ్మల్ని అడిగితే రెండు వార్తలూ చదవమంటాం. పిల్లను తన భాషతో, తన పేరుతో ఉండనిచ్చారా, పండక్కి ఇంటికి పంపారా అన్న దాన్ని బట్టి హాస్టల్ ఏమిటో తేలుతుంది.

మన దగ్గరా రెండూ ఉన్నాయి. 1871 నేరస్థ తెగల చట్టం తరువాత మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. బాపట్ల దగ్గర స్టువార్టుపురంలో ఎరుకల కుటుంబాలను సెటిల్‌మెంటులో పెట్టి, నడిపే పని సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. 1952లో చట్టం రద్దయింది. కానీ ఆ ఊరి గురించి పోలీసులు, అధికారులు రాసినంతగా ఊరివారు రాసుకోలేదు. అందుకే అక్కడ చదువుకుని టీచర్లయిన, ఉద్యోగులైన బిడ్డల కంటే 'దొంగల ఊరు' అన్న మాటే జనం నోట్లో మిగిలింది. మన వార్త మనం రాయకపోతే జరిగేది ఇదే.

ఇంకో వార్త 2014 మే 25ది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు లంబాడా బిడ్డ మాలావత్ పూర్ణ, తాడ్వాయి గురుకుల విద్యార్థిని, 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆమెతో పాటు చర్ల ప్రాంతపు ఆనంద్ కుమార్ కూడా గురుకుల విద్యార్థే. ఈ వార్త అందరికీ తెలుసు. ఎవరెస్టు ఎక్కని మిగతా పిల్లల వార్త ఎవరికి తెలుసు?

మా రిజిస్టరులో ఒక పేరు ఎదుట, కారణం గడిలో, 'సెలవుల తరువాత రాలేదు' అని మా చేతితోనే రాశాం. ఎనిమిదో తరగతి పిల్ల. లెక్కల్లో చురుకు. అప్పుడు ఆ ఊరు వెళ్లి కనుక్కోవాల్సింది. వెళ్లలేదు. పదేళ్లకు ఆమే వచ్చింది, కూతుర్ని చేర్పించడానికి. "మేడమ్, నన్నెవరూ అడగలేదు, అడిగితే వచ్చేదాన్ని" అంది. ఆ మాట మాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఆ రోజు నుంచి రిజిస్టరు వెనక వేరే నోటుబుక్కు పెట్టాం. వెళ్లిన పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు, ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు. నర్సు, కండక్టరు, అంగన్‌వాడీ టీచరు, చేపల చెరువు దగ్గర కూలి, ఇద్దరు పిల్లల తల్లి, అందరూ అందులో ఉన్నారు.

మీ నుంచి మేం కోరేది ఒక్కటే. మీ ఇంట్లోనో ఊళ్లోనో మిషన్ బోర్డింగులో, హాస్టల్లో చదివిన పెద్దవారు ఉంటారు. ఈ సెలవుల్లో వారి పక్కన కూర్చోండి. ఏ బడి, ఏ సంవత్సరం, మొదటి రాత్రి ఎలా గడిచింది, అక్కడ ఏ భాష మాట్లాడనిచ్చారు, ఏం తిన్నారు, ఎందుకు మానేశారు, ఆ చదువు ఏమిచ్చింది, ఏం తీసుకుంది అని అడగండి. వారు చెప్పినట్టే రాయండి. పేరు వద్దంటే పేరు రాయకండి. పాసైనవారిదే కాదు, మధ్యలో మానేసినవారి మాట కూడా రాయండి.

అలా రాసిన ఒక్కో పేజీతో ఆ ఖాళీ గడి కొంచెం కొంచెంగా నిండుతుంది.