మసీదు గంజి

రాయలసీమలో గంజి యనఁగానే పెద్దలకు ముందు జ్ఞప్తికి వచ్చునది కఱవు. 1952 నాఁటి క్షామములో వెలసిన గంజికేంద్రముల ముందు ముంతలతో నిలిచిన వరుసల కథ వినక పెరిగినవారు కర్నూలు, కడప సీమలలో అరుదు. అట్టి గంజియే రంజాను నెలలో, సాయంకాలపు అసరు నమాజు వేళకు, మసీదు ముంగిట డేగిసాలలో కుతకుత నుడుకుచు విందుభోజనపు గౌరవము నందుచుండుట వింత.

హిజరీ 2వ యేట, అనఁగా క్రీ.శ. 624లో, ముస్లిములకు రంజాను ఉపవాసము విధింపఁబడినది. ఖర్జూరముతోనో, అది లేనిచో నీటితోనో దానిని విరమించుట మహమ్మదు ప్రవక్త యాచారము. మన గంజికి జ్ఞాతి యనఁదగినది యొకటి యరబ్బుదేశమునను గలదు: యవలపిండితో కాచిన తల్బీనా యను జావ రోగికి మనసు కుదుటపఱచునని ప్రవక్త వచనములైన హదీసులు చెప్పుచున్నవి. గంజి మాత్రము దక్షిణదేశపు సొత్తు. 1563లో గోవాలో అచ్చయిన తన గ్రంథమున పోర్చుగీసు వైద్యుఁడు గార్సియా ద ఓర్తా, మిరియము జీలకఱ్ఱ చేర్చి రోగుల కిచ్చు ‘కంజె’ను పేర్కొనెను. తమిళ ముస్లిములు రంజాను గంజిని నోన్బు గంజి యందురు. ఆ నోన్బే మన నోము. మన పల్లెలలో రోజాను, అనఁగా రంజాను ఉపవాసమును, ఒక్కపొద్దనుటయు నట్టిదే. మతము క్రొత్తగా వచ్చినను మాట మాత్రము పాతయింటిదే.

బియ్యపునూకలో పెసరపప్పు, అల్లము, వెల్లుల్లి, పుదీన, కలిగినచోట ఖీమాయు వేసి గంటలకొలఁది కాచుదురు. రంజాను వేసవిలో పడి, కడపలో ఎండ 40 డిగ్రీలు దాటిన యేట, పగలంతయు నీటిచుక్క నెఱుఁగని దేహమునకు నీటిని, ఉప్పును, పప్పులోని మాంసకృత్తులను మెత్తగా నందించుటలో దీనికి సాటియైనది నేనెఱుఁగను. హలాలు అను మాట ప్రక్కనే శుచియు హితమునైన యాహారమను నర్థముగల తయ్యిబు అను మాటను ఖురాను నిలిపినది. కడుపులో మూఁడవపాలు అన్నమునకు, మూఁడవపాలు నీటికి విడిచి, మిగిలినది ఊపిరికి వదలవలెనని హదీసు. వేఁడి మిరపకాయ బజ్జీలు కంటఁబడిన సాయంకాలము ఈ లెక్క యెందఱికి గుర్తుండునో చెప్పఁజాలను.

ఉపవాసికి భోజనమిడినవానికిని, ఉపవాసికి తఱుగకుండ, అంతటి పుణ్యమే దక్కునని విశ్వాసము. కావున ఒకనాఁటి ఖర్చు నొకరు, మఱునాఁటిది వేఱొకరు భరింతురు. కఱవు గంజిని పోయువాఁడు త్రాగఁడు. ఇచ్చట పోసినవాఁడును పోయించుకొన్నవాఁడును ఒక్క డేగిసాలోనిదే త్రాగుదురు. ఉగాదినాఁడు, స్వామి దేవేరిగా చెప్పుకొను బీబీ నాంచారిని తమ యాడపడుచుగా నెంచి ముస్లిములు దేవునికడప వేంకటేశ్వరుని దర్శించు కడపలో, ఇరుగుపొరుగు హిందువుల పిల్లలును గిన్నెలతో వత్తురు. గిన్నె యెవరిదని యడుగువారుండరు. గంజి పొగలు గ్రక్కుచుండును గనుక, మూఁత తెచ్చితివా యని మాత్ర మడుగుదురు.