శిస్తు

సాగుభూమిపై ప్రభుత్వం వసూలు చేసే పన్ను శిస్తు. దీన్ని భూమిశిస్తు అనీ అంటారు. కౌలు వేరు: అది రైతు భూయజమానికిచ్చేది. ఈ రెండూ ఒకటి కావు.

ఈస్టిండియా కంపెనీ పాలనలో శిస్తు ఎవరు కట్టాలన్నదే ప్రధాన ప్రశ్న. 1793లో గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ బెంగాల్లో శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చాడు. 1802 నుంచి అది ఉత్తర సర్కారులకూ వచ్చింది. దీని ప్రకారం జమీందారు ఏటా కంపెనీకి కట్టాల్సిన మొత్తం, అంటే పేష్కష్, మారదు. రైతు దగ్గర ఎంత గుంజినా మిగులు జమీందారుదే. పేష్కష్ బాకీపడితే మాత్రం జమీందారీ వేలానికి వచ్చేది.

1800లో నిజాం కంపెనీకి దత్తం చేసిన రాయలసీమలో థామస్ మన్రో కలెక్టరుగా మరో దారి పట్టాడు. ప్రతి పొలాన్నీ కొలిపించి, పట్టాదారైన రైతు నుంచే శిస్తు తీసుకున్నాడు. ఇదే రైత్వారీ. గ్రామంలో లెక్కలు కరణం రాసేవాడు, వసూలు మునసబు చూసేవాడు. ఏటా ఆ లెక్కలు తేల్చే పని జమాబందీ. మధ్యవర్తి పోయినా భారం తేలికపడిందని చెప్పలేం. తొలినాటి శిస్తు రేట్లు ఎక్కువే. అయినా సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవారున్నారు.

మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది. హైదరాబాద్ రాష్ట్రంలో జాగీర్లు, అంటే శిస్తు వసూలు హక్కుతో పాలకులిచ్చిన భూములు, 1949లో రద్దయ్యాయి.