పాట పంచుకోవడానికీ ఒక పద్ధతుండేది: క్యాసెట్ కాలం నాటి అభిమానుల కథ

మీ ఫోన్‌లో ఇష్టమైన పాటలతో ఒక ప్లేలిస్ట్ ఉండే ఉంటుంది. అందులో ఒక పాట ఉన్నట్టుండి బూడిద రంగులోకి మారిపోయి, ఎంత నొక్కినా పలకకపోవడం ఎప్పుడైనా చూశారా? పాటలు ఏరింది మీరు, వరసలో పెట్టింది మీరు, ఫ్రెండ్స్‌కి పంపింది మీరు. కానీ ఆ పాట ఉండాలా పోవాలా అన్నది తేల్చింది మాత్రం ఇంకెవరో.

ఈ తగువు ఇవాళ్టిది కాదు. దీని మీద యాభై ఏళ్ల కథ ఉంది. ఆ కథ అమెరికాలో, గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బ్యాండ్ చుట్టూ జరిగింది. పేరు వినలేదా? ఒక చిన్న గుర్తు చెప్తాను. ఆ బ్యాండ్ డ్రమ్మర్లలో ఒకరు మిక్కీ హార్ట్. ఆయన మన జాకిర్ హుస్సేన్, విక్కు వినాయక్‌రామ్‌లతో కలిసి 1991లో 'ప్లానెట్ డ్రమ్' అనే ఆల్బమ్ చేశారు. దానికి గ్రామీ కూడా వచ్చింది. ఆ మిక్కీ హార్ట్ బ్యాండే ఇది.

1965లో కాలిఫోర్నియాలో మొదలైంది. 1995లో గిటారిస్ట్ జెర్రీ గార్సియా చనిపోయేదాకా, ముప్పై ఏళ్లలో దాదాపు 2,300 కచేరీలు చేసింది. వీళ్ల ప్రత్యేకత ఏంటంటే, ఒకే పాటని రెండు రోజులు ఒకేలా వాయించరు. మన కర్ణాటక కచేరీలో విద్వాంసుడు అదే రాగాన్ని ఒకరోజు ఐదు నిమిషాలు, ఇంకోరోజు అరగంట ఆలపిస్తాడు కదా, అలాగన్నమాట. 'డార్క్ స్టార్' అనే పాట 1968లో రికార్డుగా వచ్చినప్పుడు మూడు నిమిషాలు కూడా లేదు. మరుసటి ఏడాది వచ్చిన లైవ్ ఆల్బమ్‌లో అదే పాట 23 నిమిషాలు!

మరి అభిమానికి ఏం కావాలి? షాపులో దొరికే ఒక్క రికార్డు సరిపోదు. నిన్న రాత్రి వాయించింది కావాలి, ఆ ముందు వారం వాయించింది కావాలి. అందుకే జనం కచేరీలకు మైకులు, రికార్డర్లు మోసుకెళ్లడం మొదలుపెట్టారు. వాళ్లని టేపర్లు అనేవాళ్లు. వేరే బ్యాండ్లయితే గేటు దగ్గరే ఆపేసేవి. వీళ్లు ఆపలేదు. మైకు స్టాండ్లు అడవిలా పెరిగిపోయి వెనకవాళ్లకు స్టేజీ కనపడట్లేదని గొడవ వస్తే, 1984 అక్టోబర్‌లో టేపర్లకు విడిగా ఒక చోటు కేటాయించి, వేరే టికెట్లు ఇచ్చారు. షరతు ఒక్కటే: పంచుకోండి, అమ్ముకోవద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పంచుకోవడం ఎలా?

మన ఊళ్లలో 80ల్లో, 90ల్లో క్యాసెట్ రికార్డింగ్ సెంటర్లు ఉండేవి. మీ అమ్మానాన్నల్ని అడగండి, చెప్తారు. కాగితం మీద పాటల లిస్టు రాసి, ఖాళీ క్యాసెట్ ఇచ్చి వస్తే, షాపతను డబ్బులు తీసుకుని నింపి ఇచ్చేవాడు. డెడ్‌హెడ్స్, అంటే ఈ బ్యాండ్ అభిమానులు, అదే పనిని డబ్బు లేకుండా పోస్టులో చేశారు. నా దగ్గర ఏ టేపులూ లేవు, కొత్తగా వచ్చాను అనుకోండి. ఖాళీ క్యాసెట్లు, తిరుగు స్టాంపులు అంటించిన కవరు ముక్కూమొహం తెలియని ఒక అభిమానికి పంపుతాను. అతను ఇంట్లో కూర్చుని, రెండు డెక్‌లు పక్కపక్కన పెట్టి, 90 నిమిషాల క్యాసెట్‌ని 90 నిమిషాలూ నింపి వెనక్కి పంపుతాడు. అతనికి ఏం మిగిలింది? ఏమీ లేదు. రేపు నేను ఇంకో కొత్తవాడికి అలాగే చేసిపెట్టాలి, అంతే.

కానీ ఒక చిక్కుంది. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి ఎక్కించిన ప్రతిసారీ 'స్‌స్‌స్' అనే చప్పుడు పెరుగుతుంది, పాట మసకబారుతుంది. ఐదారు చేతులు మారేసరికి వాన పడుతుంటే విన్నట్టే ఉంటుంది. అందుకే 'టేప్ ట్రీ' అనే ఉపాయం కనిపెట్టారు. మంచి కాపీ ఉన్నవాడు వేరు. అతను ఐదుగురికి చేస్తాడు, వాళ్లు కొమ్మలు. ఒక్కొక్కరూ మళ్లీ ఐదుగురికి చేస్తారు. మూడో మెట్టుకే 125 మందికి అందుతుంది, ఏ క్యాసెట్టూ మూడు చేతుల కంటే ఎక్కువ మారలేదు.

ఈ చెట్లు పెరగడానికి అసలైన నేల ఆన్‌లైన్ లోకం. అదీ వెబ్ రాకముందు! 1985లో కాలిఫోర్నియాలో 'ది వెల్' అనే ఆన్‌లైన్ సర్వీసు మొదలైంది. ఫోన్ లైన్ మీద కంప్యూటర్ కలిపి, గంటల లెక్కన డబ్బు కట్టి, అక్షరాల్లో మాట్లాడుకోవడమే. మరుసటి ఏడాది డెడ్‌హెడ్స్ అందులోకి వచ్చారు. మొదటి కొన్నేళ్లు ఆ సర్వీసుకి ఎక్కువ ఆదాయం తెచ్చింది వాళ్లేనని హొవార్డ్ రైన్‌గోల్డ్ తన పుస్తకంలో రాశారు. ఆన్‌లైన్లో పేర్లు ఇచ్చుకుని చెట్టు కట్టడం, పోస్టులో క్యాసెట్లు పంపుకోవడం. ఇవాళ మనం ఆన్‌లైన్ కమ్యూనిటీ అంటున్నదానికి పునాదులు వేసినవాళ్లలో వీళ్లూ ఉన్నారు.

వీళ్లలో డిక్ లట్వాలా అనే ఆయన ఉన్నారు. హవాయిలో కూర్చుని పోస్టులో టేపులు సేకరించిన మామూలు అభిమాని. ఏ రాత్రి కచేరీ గొప్పది, ఎందుకు గొప్పది అని నోటు పుస్తకాల నిండా రాసుకునేవారు. ఆ పరిజ్ఞానం చూసి బ్యాండే ఆయన్ని పిలిచి తమ టేపుల గది అప్పగించింది. 1993లో ఆయన ఏరిన కచేరీలతో 'డిక్స్ పిక్స్' అనే సిరీస్ మొదలైంది. పేరు చూడండి: డిక్ ఏరినవి! ఒక అభిమాని ఎంపికే అధికారిక ఆల్బమ్ అయిపోయింది. 1999లో ఆయన పోయాక కూడా అదే పేరుతో నడిచి, మొత్తం 36 సంపుటాలు వచ్చాయి.

1998లో కథ ఇంకో మలుపు తిరిగింది. ఈట్రీ అనే అభిమానుల బృందం క్యాసెట్ వదిలేసి ఫైళ్లతో పంచుకోవడం మొదలుపెట్టింది. అప్పటికే ఎంపీ3 వచ్చేసింది, చిన్న ఫైలు, తేలిక. వీళ్లు మాత్రం వద్దన్నారు! ఎందుకంటే ఎంపీ3 కొంత శబ్దాన్ని పారేసి సైజు తగ్గిస్తుంది. పోయింది మళ్లీ రాదు. అందుకని ఏమీ పోని షార్టెన్ అనే ఫార్మాట్ వాడారు. ప్రతి కచేరీతోపాటు ఒక చిన్న టెక్స్ట్ ఫైలు పెట్టేవాళ్లు: తేదీ, ఊరు, పాటల వరస, ఏ మైకు, ఏ రికార్డరు, ఎవరు కంప్యూటర్‌కి ఎక్కించారు. పెళ్లిలో పంతులుగారు మూడు తరాల పేర్లు, గోత్రం చదివినట్టు, టేపుకి వంశం మొత్తం చెప్పాలన్నమాట. మరుసటి ఏడాదే వచ్చిన నాప్‌స్టర్‌లో పాటలు కోకొల్లలు, కానీ ఒకరి పాటకు ఇంకొకరి పేరు తగిలించి తిరిగేవి.

2002లో ఈట్రీ, ఇంటర్నెట్ ఆర్కైవ్ కలిసి లైవ్ మ్యూజిక్ ఆర్కైవ్ పెట్టాయి. వేల కచేరీలు ఒక్కచోట, ఉచితంగా. అంతా బాగుంది అనుకునేలోపు, 2005 నవంబర్‌లో ఒక్కసారిగా గ్రేట్‌ఫుల్ డెడ్ డౌన్‌లోడ్లు మాయమయ్యాయి. కారణం ఊహించగలరా? బ్యాండ్ వైపువాళ్లు ఆన్‌లైన్లో పాటలు అమ్ముకుంటున్నారు. ఉచితంగా దొరికితే కొనేదెవరు?

అభిమానులు భగ్గుమన్నారు. సంతకాలు సేకరించారు, సరుకులు కొనబోమన్నారు. బ్యాండ్ లోపలే మాట పడలేదు. బేసిస్ట్ ఫిల్ లెష్ తనకు ఈ నిర్ణయం సంగతే తెలియదన్నారు. నిజానికి రెండు వైపులా న్యాయం ఉంది. పాట వాయించినవాళ్ల శ్రమ వాళ్లది. కానీ పాతికేళ్లు దాన్ని కాపాడి, పేర్లు రాసి, ఊరూరా చేర్చిన శ్రమ ఎవరిది? కొద్దిరోజుల్లోనే రాజీ కుదిరింది. జనంలో కూర్చుని మైకుతో తీసిన రికార్డింగులు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. బ్యాండ్ సొంత సౌండ్‌బోర్డు నుంచి తీసినవి వినడానికి మాత్రమే.

ఆ శ్రమ విలువ తెలియాలంటే ఒక్క ఉదాహరణ చాలు. 1977 మే 8, కార్నెల్ యూనివర్సిటీ కచేరీ. బ్యాండ్ ఇంజనీర్ బెట్టీ కాంటర్ జాక్సన్ రికార్డు చేశారు. తర్వాత ఆమె కష్టాల్లో పడి, గోడౌన్ అద్దె కట్టలేకపోతే, 1986లో ఆ టేపులు వేలంలో ఎవరెవరి చేతుల్లోకో వెళ్లిపోయాయి. వాటి కాపీలు అభిమానుల చేతుల మీదుగానే లోకం చుట్టాయి. చివరికి ఆ కచేరీ రికార్డింగు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరిచే జాతీయ జాబితాలో చేరింది. అధికారిక ఆల్బమ్ వచ్చింది మాత్రం 2017లో, నలభై ఏళ్లకు! ఈలోగా ఆ పాటని బతికించింది ఎవరు? ఖాళీ క్యాసెట్టూ స్టాంపులూ పంపుకున్నవాళ్లే.

ఇవాళ మనకి కాపీ చేయాల్సిన అవసరమే లేదు. ఒక లింక్ పంపితే చాలు. కానీ లింక్ అంటే పాట కాదు, పాట ఉన్న ఇంటి అడ్రస్. ఇంటివాళ్లు తాళం వేసుకుంటే మన ప్లేలిస్ట్ ఖాళీ. కాబట్టి డెడ్‌హెడ్స్ నుంచి ఒక్క అలవాటైనా తెచ్చుకుందాం. ప్లేలిస్ట్ చేసినప్పుడు ఏ సినిమా, ఏ సంవత్సరం, రాసిందెవరు, స్వరపరిచిందెవరు, పాడిందెవరు, నువ్వు ఎందుకు ఏరుకున్నావు అని ఎక్కడైనా రాసి పెట్టుకోండి. పాట మాయమైనా, వెతుక్కునే దారి మీ చేతిలో ఉంటుంది.

మీ ఇంట్లో అటక మీద ఎవరో రికార్డు చేయించుకున్న పాత క్యాసెట్ ఉంటే తీసి చూడండి. అట్ట మీద ఎవరి చేతిరాతతో ఏ పాటలు ఉన్నాయో కామెంట్‌లో రాయండి. నెక్స్ట్ వీడియోలో కలుద్దాం.